పాత డబుల్ బ్యారెల్‌కు ఏది మేలు: హాట్ బ్లూయింగా, రస్ట్ బ్లూయింగా?

అమెరికాలో మనవాళ్లలో స్కీట్‌కూ (గాల్లోకి విసిరిన మట్టి బిళ్లలను కాల్చే ఆట) గువ్వల వేటకూ వెళ్లేవాళ్లు నాకు చాలామంది తగులుతున్నారు. వాళ్లలో కొందరు కొత్త తుపాకీ వద్దనుకుని, 80, 90 ఏళ్ల నాటి డబుల్ బ్యారెల్ కోసం వెతుకుతున్నారు. ఆ ఇష్టం ఎక్కడిదో నాకు తెలుసు. ఊళ్లో తాతగారి గదిలో ఉండే జోడు గొట్టాల తుపాకీ, ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని గుడ్డలో చుట్టి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రావడం చూస్తూ పెరిగినవాణ్ణే నేనూ. కొన్నాక వాళ్లు పంపే ఫొటోలు దాదాపు ఒకేలా ఉంటాయి: నలుపు పోయి బూడిద రంగుకు తిరిగిన గొట్టాలు, పొలుసులు లేచిన వార్నిష్. ప్రశ్న కూడా ఒకటే. బ్లూయింగ్ (ఇనుము పైపొరను నల్లగా మార్చడం) చేయిద్దామనుకుంటున్నాను, హాటా, రస్టా?

ఒంటి గొట్టం తుపాకీ అయితే నేను పెద్దగా పట్టించుకోను, డబ్బును బట్టి ఏదో ఒకటి చేయించుకోవచ్చు. జోడు గొట్టాలది అలా కాదు. రెండు గొట్టాల మధ్య పైనొకటి, కిందొకటి పొడుగ్గా ఇనుప పట్టీలు ఉంటాయి, వాటినే రిబ్స్ అంటారు. పాతకాలపు మంచి తుపాకుల్లో చాలావాటికి ఈ పట్టీలను తగరం, సీసం కలిపిన మాటుతో అతికించారు. మన వీధుల్లో బిందెలకు మాట్లు వేసేవాళ్లు వాడిన జాతిదే ఆ మాటు. ఏ బ్లూయింగ్ మేలన్నది నా దృష్టిలో ఆ అతుకే తేల్చేస్తుంది, మెరుపూ ఖర్చూ ఆ తర్వాతి సంగతి.

హాట్ బ్లూయింగ్‌లో తుపాకీ భాగాలను కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపిన ద్రావణంలో 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముంచుతారు. "మాటు కరగాలంటే 180 దాటాలి కదా, 140కి ఏమవుతుంది?" అని వాదించేవాళ్లున్నారు. కరగదు, నిజమే. కానీ ఇక్కడ ప్రమాదం వేడితో కాదు, క్షారంతో. కాస్టిక్ సోడా తగరాన్నీ సీసాన్నీ తినేస్తుంది. పైగా పట్టీ కింద వెంట్రుకవాసి సందున్నా లవణం లోపలికి దిగి అక్కడే ఉండిపోతుంది. ఎంత కడిగినా పూర్తిగా రాదు. గాలిలో తేమ పెరిగినప్పుడల్లా అది చెమరుస్తుంది, ఇనుమును లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది.

నేను మొదట కొన్న 12 గేజ్ తుపాకీకి (గేజ్ అంటే గొట్టం లావు కొలత) ఇదే జరిగింది. దుకాణంలో అద్దంలా మెరుస్తూ కనిపించింది, ఆ మెరుపు చూసే కొన్నాను. మరుసటి ఏడాది ఆగస్టులో పట్టీ అంచు వెంట దారం పరిచినట్టు గోధుమరంగు గీత తేలింది. తుడిచి నూనె రాశాను. వారం తిరగకుండా మళ్లీ అదే చోట వచ్చింది. చివరికి గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) దగ్గర పట్టీ ఊడదీయిస్తే కింద తెల్లటి ఉప్పు పెచ్చులు, పిండిలా రాలిపోతున్న మాటు! పట్టీలు మళ్లీ కూర్చి అతికించడానికి అతను చెప్పిన లెక్క ఆ తుపాకీ ఖరీదును దాటిపోయింది.

అందుకే కొనేటప్పుడు మెరిసేది ఒకటి, వెలిసినది ఒకటి పక్కపక్కన ఉంటే నేను వెలిసినదాన్నే చేతిలోకి తీసుకుంటాను. వెలిసిన దానిలో దాచడానికి ఏమీ ఉండదు. కొత్త నలుపు వేసినదానిలో కంపెనీ పేరు అక్షరాల అంచులు అరిగాయా, స్క్రూల చుట్టూ ఇనుము గుంటలు పడిందా, స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) దాన్ని ఆనుకునే ఇనుము కన్నా కిందికి దిగిందా చూడండి. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఎవరో పాలిష్ చక్రం మీద ఇష్టమొచ్చినట్టు రుద్దారన్నమాట. గొట్టం గోడలు కూడా అరిగి ఉంటాయి. గన్‌స్మిత్ దగ్గర మందం కొలిచే సాధనంతో కొలిపించండి. ఎక్కడైనా అర మిల్లీమీటరు దగ్గరికి వస్తే నేను వదిలేస్తాను. 16 గేజ్ అయితే ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) పొడవు కూడా కొలిపించాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి వాటిలో చాలావాటి ఛాంబర్ ఇప్పటి 2¾ అంగుళాల తూటాకు పొట్టిది.

తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గొట్టాలను విడదీసి, కింది కొక్కెం దగ్గర తాడు కట్టి వేలాడదీయండి. వేలి కణుపుతో మెల్లగా కొట్టండి, కుండల దుకాణంలో కుండను మొట్టి చూసినట్టే. మాటు గట్టిగా ఉంటే గంటలా మోగి, మోత కాసేపు నిలుస్తుంది. పట్టీ ఎక్కడైనా వదిలి ఉంటే బొంగురుగా జిర్రుమంటుంది. జిర్రుమన్నదానికి ఏ బ్లూయింగూ వద్దు, ముందు పట్టీ సంగతి చూడాలి. సందులోకి నీళ్లు దిగితే రస్ట్ బ్లూయింగ్ కూడా చెడే చేస్తుంది.

కొనేముందు చట్టం విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. హెచ్-1బీ వంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ వంటి మినహాయింపు ఉంటేనే కుదురుతుంది. లైసెన్స్ గడువు తీరితే మినహాయింపూ పోతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. న్యూజెర్సీలో పర్చేజర్ ఐడీ కార్డు, ఇల్లినాయిలో ఫాయిడ్ (తుపాకీ యజమాని గుర్తింపు) కార్డు వేరే కావాలి.

ఇక రస్ట్ బ్లూయింగ్. పేరు వింటేనే కొందరికి టెన్షన్, తుప్పు పట్టించడమేంటని. చేసేది సరిగ్గా అదే, కాకపోతే మన చెప్పుచేతల్లో. గొట్టాలకు జిడ్డన్నది లేకుండా కడిగి, చివర్లకు చెక్క బిరడాలు బిగించి, తుప్పు పట్టించే ద్రావణాన్ని పలచగా పూస్తారు. తేమ ఉన్న చోట కొన్ని గంటలు వేలాడదీస్తే మెత్తటి ఎర్ర తుప్పు నూగులా లేస్తుంది. అప్పుడు డిస్టిల్డ్ వాటర్‌లో ఉడకబెడితే ఎరుపంతా కళ్లముందే నల్లబడుతుంది, అంటే ఎర్ర ఆక్సైడ్ నల్ల ఆక్సైడ్‌గా మారుతుంది. పైన మిగిలిన మసిని సన్నటి తీగ బ్రష్‌తో దువ్వేసి, మళ్లీ మొదటి నుంచి. ఇలా 6 నుంచి 10 విడతలు. నీళ్లు 100 డిగ్రీలు దాటవు, కాస్టిక్ సోడా లేదు, మాటు జోలికి పోయేదేమీ లేదు. వచ్చే నలుపు అద్దంలా ఉండదు, పట్టుబట్టలా మెత్తటి నిగారింపుతో ఉంటుంది. ఈ తుపాకులు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు చాలావాటికి ఉన్నదీ ఆ నలుపే.

హాట్ బ్లూయింగ్‌కు ఒక మంచి మాట చెప్పాలంటే, పని త్వరగా అవుతుంది, ఖర్చు తక్కువ. పట్టీలను ఇత్తడి మాటుతో అతికించిన తుపాకులు దాన్ని తట్టుకుంటాయి కూడా. మీది అలాంటిదని గన్‌స్మిత్ చూసి చెబితే సరే. చెప్పలేకపోతే ఆ తొట్టిలో ముంచనివ్వకండి. మెలికల గీతలు కనిపించే డమాస్కస్ గొట్టాలకైతే ఆ ఆలోచనే వద్దు.

కోల్డ్ బ్లూయింగ్ అంటే సీసాలోది గుడ్డతో రుద్దడం. చిన్న గీతలు కనిపించకుండా చేయడానికి పనికొస్తుంది, గొట్టం మొత్తానికి నిలవదు. యాక్షన్ (గొట్టాల వెనక తుపాకీని మూసి పేల్చే ఇనుప భాగం) మీది రంగురంగుల కేస్ కలర్ వెలిసిపోతే అలాగే వదిలేయండి. దాన్ని మళ్లీ తెప్పించాలంటే ఎర్రగా కాల్చాలి, ఇనుము వంకర పోవచ్చు. స్టాక్‌కు పాలీయురేథేన్ కన్నా అవిసె నూనె నయం, గీత పడితే ఆ చోటు మాత్రం మళ్లీ రుద్దుకోవచ్చు. నూనె గుడ్డలను మాత్రం ముద్దగా పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, పరిచి ఆరబెట్టండి.

ఇప్పుడు నా దగ్గరున్నది 16 గేజ్ ఫాక్స్ స్టెర్లింగ్‌వర్త్, ఫిలడెల్ఫియాలో చేసింది. 1929లో ఫాక్స్ కంపెనీని శావేజ్ అనే మరో తుపాకుల కంపెనీ కొని, తయారీని న్యూయార్క్ రాష్ట్రంలోని ఉటికాకు తరలించకముందుది. కొన్నప్పుడు గొట్టాల మీద నలుపు పట్టీ పక్క సందుల్లో మాత్రమే మిగిలింది. పాలిష్ చక్రం దగ్గరికి పోనివ్వకుండా చేత్తోనే రుద్ది, స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరి పెట్టి, 8 విడతలు నేనే చేశాను. ఆఖరి విడత ఉడికాక నూనె పట్టించి ఒక రాత్రి ఉంచాను. పొద్దున్నే తుడిచి, తాడుకు వేలాడదీసి వేలి కణుపుతో కొట్టాను. కొన్న రోజు ఎలా మోగాయో అలాగే మోగాయి.