యూఏఈ ఫ్రీ జోన్ కంపెనీ: ఒక ఒంగోలు గ్రానైట్ వ్యాపారి అనుభవం

గల్ఫ్‌లో మీ సరుకు కొనేవాళ్లు నిజంగా ఉంటే ఫ్రీ జోన్ (విదేశీయులు పూర్తి వాటాతో కంపెనీ పెట్టుకోగల ప్రత్యేక వ్యాపార ప్రాంతం) కంపెనీ పెట్టండి. పన్ను మిగులుతుందన్న ఒక్క ఆశతో అయితే వద్దు. 2019 నుంచి షార్జా వైపు ఒక ఫ్రీ జోన్‌లో నా పేరు మీద కంపెనీ నడుపుతున్నాను. చీమకుర్తి గెలాక్సీ (మెరిసే చుక్కలున్న నల్ల గ్రానైట్) స్లాబులు చెన్నై రేవు మీదుగా అక్కడి గోడౌన్‌కు వెళ్తాయి.

నాకు బాగా కలిసొచ్చింది ఆ గోడౌనే. గెలాక్సీలో ఒక బ్లాకు చుక్క ఇంకో బ్లాకులో ఉండదు. ఫొటో చూసి కొన్నవాళ్లతోనే గొడవలన్నీ వచ్చేవి. ఇప్పుడు డీలర్ స్వయంగా వచ్చి, స్లాబ్ మీద నీళ్లు చల్లి, చుక్క ఎంత ఒత్తుగా ఉందో చూసుకుని లారీకి ఎత్తించుకుంటాడు. ఇన్నేళ్లలో సరుకు వెనక్కి పంపిన డీలర్ లేడు. దిర్హం 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గరే ఉంది కాబట్టి అక్కడ ధర చెప్పడానికీ భయం లేదు.

లైసెన్సు తేలిగ్గానే వచ్చింది. పేరు, పాస్‌పోర్టు కాపీ, ఏ వ్యాపారమో చెబితే పని మొదలవుతుంది. అయితే ఏజెంటు మొదట చెప్పే రేటు లైసెన్సు వరకే ఉంటుంది. ఎస్టాబ్లిష్‌మెంట్ కార్డు (వీసాలు పెట్టుకోవడానికి కంపెనీకి ఇచ్చేది), వీసా, మెడికల్, ఎమిరేట్స్ ఐడీ ఖర్చులు కలిపి రాసిమ్మని ముందే అడగండి. ఏటేటా రెన్యువల్ ఎంతో కూడా అడగండి, అసలు ఖర్చు అదే.

కష్టమంతా బ్యాంకు ఖాతా దగ్గరే. లైసెన్సు చేతిలో పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూశాను. ఒక బ్యాంకు కారణం చెప్పకుండానే కాదంది. ఇంకో బ్యాంకు ఇక్కడి ఫర్మ్ స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు, పాత ఇన్‌వాయిస్‌లు, కొనేవాళ్ల వివరాలు అన్నీ అడిగాకే ఖాతా తెరిచింది. మనకు నడుస్తున్న వ్యాపారం ఉందని కాగితాల మీద కనపడాలి. అవి లేనివాళ్లు లైసెన్సు ఫీజు కట్టి కూర్చోవడమే అవుతుంది.

ఇక పన్ను. నేను మొదలుపెట్టినప్పుడు అక్కడ మా వ్యాపారానికి కార్పొరేట్ పన్నే లేదు. 2023 జూన్ 1న, ఆ తర్వాత మొదలైన ఆర్థిక సంవత్సరాల నుంచి వచ్చింది: 3,75,000 దిర్హంలు దాటిన లాభం మీద 9 శాతం. ఫ్రీ జోన్ కంపెనీకి సున్నా పన్ను ఉంది కానీ దానికి షరతులున్నాయి. జోన్‌లో నిజంగా ఆఫీసు, మనుషులు, ఖర్చు ఉండాలి. లెక్కలు ఆడిట్ చేయించాలి. మాలాంటి సరుకు వ్యాపారమైతే జోన్ డిజిగ్నేటెడ్ జోన్ (పన్ను నియమాల కోసం అక్కడి ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించినది) అయి ఉండాలి, కొన్నవాడు ఆ సరుకును మళ్లీ అమ్మేవాడో, కోసి తయారుచేసి అమ్మేవాడో కావాలి. డీలర్‌కు అమ్మితే సరే. విల్లా కట్టుకునే ఆయనకు వంటగది గట్టు కోసం నేరుగా అమ్మితే అది అర్హత ఉన్న అమ్మకం కిందికి రాదు. అలాంటి అమ్మకాలు మొత్తం ఆదాయంలో 5 శాతం లేదా 50 లక్షల దిర్హంలు, ఏది తక్కువైతే అది దాటితే ఆ ఏడాదితో పాటు తర్వాతి నాలుగేళ్లూ సున్నా పోతుంది. అందుకే రిటైల్ బేరం ఎంత మంచిదైనా మా వాళ్లు డీలర్ దగ్గరికే పంపిస్తారు. 2018 నుంచి ఉన్న 5 శాతం వ్యాట్ లెక్క వేరే.

మన వైపు పని ఇంకా ముఖ్యం. ఏజెంట్లెవరూ దీని గురించి మాట్లాడరు. మా ఒంగోలు ఆడిటర్ గారు మొదటి రోజే, “డబ్బు బ్యాంకు ద్వారానే పోవాలి అబ్బాయ్, హవాలా మాట ఎత్తితే నా దగ్గరికి రావద్దు” అన్నారు. ఆ మాట వల్లే ఇప్పుడు నిశ్చింతగా ఉన్నాను. వ్యక్తిగా ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితిలోనే పంపాలి. ఇప్పుడైతే పెట్టుబడి పంపే ముందే రిజర్వు బ్యాంకు యూఐఎన్ (ఆ విదేశీ పెట్టుబడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోవాలి. ఏటా డిసెంబరు 31 లోపు ఏపీఆర్ (అక్కడి కంపెనీ ఏడాది పనితీరు నివేదిక) ఇవ్వాలి. ఐటీ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు. ఇక్కడి మన ఫర్మ్ నుంచి అక్కడి మన కంపెనీకే అమ్ముతున్నాం కాబట్టి, బయటివాళ్లకు అమ్మే ధరకే ఇన్‌వాయిస్ వేయాలి. లాభాన్ని డివిడెండ్‌గా ఇంటికి తెచ్చుకుంటే ఇక్కడ నా శ్లాబు ప్రకారం పన్ను కట్టాల్సిందే.

వీసా తీసుకుని ఒంగోలులోనే ఉండేవాళ్లు ఆరు నెలలు దాటకుండా ఒకసారి వెళ్లి రావాలి, లేకపోతే రద్దవుతుంది.

2021 జూన్ నుంచి జోన్ బయట మెయిన్‌ల్యాండ్‌లోనూ చాలా వ్యాపారాలకు నూటికి నూరు వాటా మనకే ఇస్తున్నారు. బిల్డర్లకు, ఇళ్లకు నేరుగా సప్లయ్ చేసేవాళ్లకు అదే మేలు, 9 శాతం కట్టినా సరే. స్లాబులు కోసి సైట్‌లో బిగించే పని చేసే మా బావకు అదే తీసుకోమని చెప్పాను. నేను మాత్రం డీలర్లకే అమ్ముతాను కాబట్టి ఈ ఏడు కూడా ఫ్రీ జోన్ లైసెన్సే రెన్యువల్ చేయిస్తున్నాను.