ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్: కర్నూలు వాళ్ళకు ఎంతవరకు పనికొస్తుంది?

కేంద్ర జల సంఘం 2023 ఆగస్టులో తెచ్చిన ఈ యాప్ ఉచితం. నది మట్టం చెప్పడం వరకు వంక పెట్టక్కర్లేదు. మన వీధిలోకి నీళ్ళొస్తాయా అంటే మాత్రం నోరు మెదపదు. మా లెక్కలో అయిదుకు మూడున్నర.

తుంగభద్ర మీద మనకు ముందుగా కబురు చెప్పేది ఎగువన మంత్రాలయంలో నీటిమట్టం కొలిచే కేంద్రం. మట్టం హెచ్చరిక గీతను తాకితే పసుపు, ప్రమాద గీతను తాకితే నారింజ, ఆ కేంద్రంలో ఇదివరకు నమోదైన గరిష్ఠ వరద మట్టాన్ని అందుకుంటే ఎరుపు. రంగు చూసి ఊరుకోవద్దు. గంటగంటకూ అంకె రాసి పెట్టుకోండి. గంటకు మూడు సెంటీమీటర్లు పెరగడం వేరు, పాతిక పెరగడం వేరు. అన్నట్టు, ఆ మీటర్లు సముద్రమట్టం నుంచి లెక్క. నది లోతు అనుకుని హడలిపోకండి. మన ప్రాజెక్టుల మట్టాలు అడుగుల్లో వింటాం కాబట్టి 3.28తో హెచ్చవేసుకోవాలి. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులంటే సుమారు 269.75 మీటర్లు.

"సుంకేసుల ఆపుతుందిలే" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఊరికి ఎగువన తుంగభద్ర మీదున్న ఆ బ్యారేజీ సామర్థ్యం 1.2 టీఎంసీలే. లక్ష క్యూసెక్కులు వస్తే ఖాళీ బ్యారేజీ కూడా మూడుగంటల ఇరవై నిమిషాల్లో నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చింది వచ్చినట్టు కిందికి వదలాల్సిందే.

యాప్‌లో అసలు లోటు, ఊరి దగ్గర తుంగభద్రలో కలిసే హంద్రీ నది దగ్గర. తుంగభద్ర నిండుగా పారుతుంటే హంద్రీ నీళ్ళకు కలిసే చోటు దొరక్క ఎదురు తంతాయి. గట్టు దాటకముందే పల్లపు వీధుల్లో మురుగుకాలువలు వెనక్కి పొంగుతాయి. కింద శ్రీశైలం నిండి ఉంటే తుంగభద్ర నీళ్ళు దిగడం కూడా మందగిస్తుంది. 2009 అక్టోబరు 2న ఊరు మునిగింది ఇవన్నీ ఒకేసారి కలిసొచ్చినందుకే. ఒక్క మంత్రాలయం అంకెతో ఈ మూడింటి లెక్క తేలదు. అందుకే దాంతోపాటు హంద్రీ ఎగువన వానెంత పడిందో, శ్రీశైలం మట్టమెంతో విడిగా చూసుకోవాలి.

విడుదలైనప్పుడు యాప్ ఇంగ్లీషు, హిందీలతోనే వచ్చింది. పాతబస్తీలో పెద్దవాళ్ళకు పక్కన కూర్చుని చదివి చెప్పేవాళ్ళు కావాలి.

నారింజ పడితే బోరు మోటారు స్టార్టర్ విప్పి మిద్దె మీద పెట్టండి. బియ్యం బస్తాలు, కాగితాలు పైకెక్కించండి. కింది అంతస్తులో నీళ్ళు కనబడకముందే మెయిన్ కట్టేయండి. తడికాళ్ళతో దాని జోలికి పోవద్దు. కరెంటు పోతే కాసేపటికి సెల్ టవర్లూ పోతాయి, యాప్ తెరుచుకోదు. మీ గోడ మీద 2009 నీటి మరక ఇంకా ఉంటే సున్నం కొట్టించకండి.