కళ్లద్దాలు లేని త్రీడీ తెర: 40 ఎల్‌పీఐ లెంటిక్యులర్ షీటుతో నా అనుభవం

తిరుపతి షాపుల్లో ఒక రకం పటం దొరుకుతుంది. ఇటు నుంచి చూస్తే వేంకటేశ్వరస్వామి, కాస్త అటు జరిగితే పద్మావతి అమ్మవారు. గోటితో గీస్తే గర్రుమనే ఆ గీతల ప్లాస్టిక్ పేరే లెంటిక్యులర్ షీటు. మా ఫొటో స్టూడియోలో మూలన పడున్న పదంగుళాల ట్యాబ్ మీద దాన్ని పరిచి త్రీడీ తెర చేద్దామని ఏ4 షీటు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. షిప్పింగ్‌తో కలిపి 900 రూపాయలు.

ముందు కోపం తెప్పించిన సంగతి చెప్తాను. బల్లపరుపుగా పంపాల్సిన షీటును చుట్ట చుట్టి గొట్టంలో పంపారు. రెండు రోజులు లావు ఆల్బమ్‌ల కింద పెట్టినా ఒక మూల లేస్తూనే ఉంది. ఆ మూలన బొమ్మ ఇప్పటికీ అలుక్కుపోయినట్టే కనిపిస్తుంది. కొనేవాళ్లు ప్యాకింగ్ సంగతి ముందే అడగండి.

షీటు మాత్రం మంచి సరుకు. 40 ఎల్‌పీఐ అంటే అంగుళానికి 40 సన్నటి నిలువు లెన్సులు. నా ట్యాబ్‌లో అంగుళానికి 299 పిక్సెళ్లు, అంటే ఒక్కో లెన్సు కింద ఏడున్నర. ఏ పిక్సెల్ వెలుగు ఏ వైపుకు పోవాలో లెన్సే తేలుస్తుంది కాబట్టి కుడికంటికి ఒక బొమ్మ, ఎడమకంటికి ఇంకో బొమ్మ అందుతాయి.

అయితే గొట్టం మీద రాసిన 40ని నమ్మి మొదలుపెడితే మోసపోతారు. నలుపు తెలుపు గీతలను అంగుళానికి ఇన్ని అని రకరకాల లెక్కల్లో తెర మీద వేసి, ఒక కన్ను మూసుకుని చూడాలి. లెక్క తప్పితే నల్లటి పట్టీలు కనిపిస్తాయి. సరిపోతే తల కదిపినప్పుడు తెర మొత్తం ఒక్కసారిగా నల్లగానో తెల్లగానో మారుతుంది. నా కుర్చీ దూరానికి 39.86 దగ్గర కుదిరింది. ఆ కాస్త తేడాకే తెర ఈ చివర నుంచి ఆ చివరకు ఒక లెన్సు కంటే ఎక్కువ తప్పుతుంది.

రెండు రోజులు నన్ను ఏడిపించింది ఫోకస్. ఈ షీటు అడుగునే అంటించే ప్రింటు కోసం తయారైంది. ట్యాబ్‌లో పిక్సెళ్లు గాజు కింద లోతుగా ఉంటాయి కాబట్టి అంతా మసక. చివరికి షీటును తిరగేసి, గీతల వైపు తెరకు ఆనించి పెట్టాను. అంతే, బొమ్మ తేటపడింది! పైన నున్నటి వైపు ఉండటంతో దుమ్ము తుడవడమూ తేలికైంది. నిలువుగా పెడితే ఎరుపు, నీలం అంచులు వస్తున్నాయని నిలువున ఆరు పాళ్లకు పక్కకు ఒక పాలు జరిగేలా ఏటవాలుగా కోసి పరిచాను. ఫిలిప్స్ పరిశోధకులు 1990ల్లో వాడిన ఉపాయమే ఇది.

పరీక్షకు కొండపల్లి అంబారీ ఏనుగును బల్ల మీద పెట్టి, కెమెరాను సెంటీమీటరు చొప్పున పక్కకు జరుపుతూ ఎనిమిది ఫొటోలు తీశాను. వాటిని సన్నటి పట్టీలుగా కోసి అల్లే పైథాన్ ప్రోగ్రామ్ మా అబ్బాయి రాసిచ్చాడు. అంబారీని సరిగ్గా తెర మట్టానికి పెడితే తొండం బయటికి వస్తుంది, తోక లోపలికి పోతుంది. తొండాన్ని ఇంకా ముందుకు లాగితే రెండుగా కనిపించింది, అంత ఆశపడకూడదు.

లోపం దాచను: అడ్డంగా 2560 పిక్సెళ్ల పదును ఒక్కో బొమ్మకు సుమారు 340కి పడిపోతుంది. అక్షరాలు చదవడానికి పనికిరాదు. పెళ్లి వీడియోలకు వద్దంటాను. బొమ్మలకు, నగలకు, దగ్గర నుంచి తీసిన ముఖాలకు మాత్రం కళ్లు మూసుకుని కొనొచ్చు.

మా అమ్మకు పవర్ అద్దాలు. వాటి మీద ఎరుపు, నీలం కాగితపు అద్దాలు పెట్టి త్రీడీ బొమ్మలు చూపించినప్పుడల్లా "నాకేం తేడా తెలీట్లేదురా" అనేది. మొన్న ట్యాబ్ ఆమె ముందు పెట్టి ఏమీ చెప్పలేదు. కాసేపు చూసి, తల మెల్లగా పక్కకు వంచి, ఏనుగు చెవి వెనక ఏముందోనని తొంగిచూసింది.