మా నెట్ సెంటర్‌లో ఫైర్‌ఫాక్స్: మూయగానే అన్నీ తుడిచేసే సెట్టింగ్ ఎలా ఉందంటే

అనంతపురం సప్తగిరి సర్కిల్‌కు దగ్గర్లో మాది చిన్న నెట్ సెంటర్. ఐదు సిస్టమ్స్, ఒక ప్రింటర్, ఒక జిరాక్స్ మెషీన్. 2007 నుంచి నడుపుతున్నా. ఇప్పుడు చాటింగ్ కోసం ఎవరూ రారు, అందరికీ ఫోన్లున్నాయి. వచ్చేదంతా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ పిల్లలు, ఉద్యోగాలకు అప్లై చేసేవాళ్లు, మెయిల్ తెరిచి ప్రింట్ తీసుకునేవాళ్లు. అంటే మా సిస్టమ్స్‌లోకి వచ్చేది జనాల ఆధార్, టెన్త్ మెమో, కులం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్. అందుకే బ్రౌజర్ ఎంత స్పీడు అనేది నేను పెద్దగా చూడను, మనిషి లేచి వెళ్లాక అందులో ఏం మిగిలింది అనేదే చూస్తా.

పోయిన కౌన్సెలింగ్ రష్‌లో ఒక అబ్బాయి మెమో ప్రింట్ తీసుకుని, లాగవుట్ కాకుండా విండో మూసి వెళ్లిపోయాడు. తర్వాత కూర్చున్న అమ్మాయి "అన్నా, నేను మెయిల్ తెరిస్తే ఎవరిదో వచ్చిందన్నా" అని పిలిచింది. మంచి పిల్ల కాబట్టి పిలిచింది. అందులో ఆ అబ్బాయి వాళ్ల నాన్న పాస్‌బుక్ ఫోటో కూడా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కస్టమర్లు రాకముందే ఐదింటిలోనూ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పెట్టేశా.

పాత ఫైర్‌ఫాక్స్‌లో చూసినవన్నీ తుడవడానికి 'క్లియర్ ప్రైవేట్ డేటా' అని ఉండేది, మొదట్లో నేను అదే వాడేవాణ్ణి. 2009లో 3.5 వర్షన్ వచ్చినప్పుడు దాని పేరు 'క్లియర్ రీసెంట్ హిస్టరీ' అని మారింది, చూసిన పేజీలు గుర్తుపెట్టుకోని ప్రైవేట్ విండో కూడా అప్పుడే వచ్చింది. ఇప్పటికీ కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే ఆ బాక్స్ వస్తుంది. కానీ అందులో టైమ్ దగ్గర 'లాస్ట్ అవర్' అని ఉంటే ఆ గంటలోది మాత్రమే పోతుంది, పొద్దున వచ్చినవాళ్లది అలాగే ఉంటుంది. 'ఎవ్రీథింగ్' పెట్టాలి. చాలామంది ఇది చూడకుండానే క్లియర్ కొట్టి అంతా పోయిందనుకుంటారు.

మాకు పనికొచ్చింది ఇంకోటి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి, హిస్టరీ దగ్గర కస్టమ్ సెట్టింగ్స్ ఎంచుకుంటే 'క్లియర్ హిస్టరీ వెన్ ఫైర్‌ఫాక్స్ క్లోజెస్' అని కనబడుతుంది. అది టిక్ చేసి, దాని పక్కనున్న సెట్టింగ్స్‌లో అన్నిటికీ టిక్ ఉందో లేదో చూసుకుంటే, విండోలన్నీ మూసిన వెంటనే చూసిన పేజీలు, కుకీలు (లాగిన్ గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు), క్యాష్ (పేజీల తాత్కాలిక కాపీలు), ఫారాల్లో కొట్టిన పేర్లూ నంబర్లూ అన్నీ పోతాయి. పక్క మనిషి కూర్చుని మెయిల్ తెరిస్తే లాగిన్ పేజీయే వస్తుంది. క్రోమ్‌లోనూ మూసినప్పుడు సైట్ డేటా తుడిచే ఆప్షన్ ఉంది కానీ చూసిన పేజీల లిస్టు దాంతో పోదు. ఎడ్జ్‌లో ఏమేం తుడవాలో ఎంచుకోవచ్చు, అదీ బాగానే ఉంది. ఫైర్‌ఫాక్స్ మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు కాబట్టి, ఇంగ్లీషు రాని మా తమ్ముడు కూడా నేను లేనప్పుడు చూసుకోగలుగుతున్నాడు.

ఇక నచ్చనివి. ఇంత ముఖ్యమైన సెట్టింగ్‌ను అంత లోపల దాచడం ఏం బాగాలేదు, పది మంది వాడే సిస్టమ్‌కు మొదట కావాల్సిందే ఇది. రెండోది, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు దీంతో పోవు. 'సేవ్ చేయమంటారా' అని అడిగితే జనం టెన్షన్‌లో అవుననే నొక్కుతారు, అందుకని అది అడగకుండానే విడిగా ఆపేశా.

అన్నిటికంటే పెద్దది డౌన్‌లోడ్‌లు. బ్రౌజర్ తుడిచేది లిస్టు మాత్రమే, ఫైల్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. ప్రైవేట్ విండోలో దించినా ఇంతే. ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అనొచ్చు, కానీ అది పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరమే. ఆ రెండూ ఉన్న టెన్త్ మెమో కూడా పక్కనే పడి ఉంటే ఇంకేం దాపరికం? అందుకే ప్రతి కస్టమర్ లేచాక డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను, ఫైళ్లు రీసైకిల్ బిన్‌లో కూడా మిగలకుండా షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి నేనే ఖాళీ చేస్తున్నా. ఆ సెట్టింగ్ తుడిచేది మామూలుగా మూసినప్పుడే కాబట్టి, కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోతే మళ్లీ ఫైర్‌ఫాక్స్ తెరిచి, ఒకసారి మూసి, అప్పుడే ఇంకొకరిని కూర్చోబెడుతున్నా. వాట్సాప్ వెబ్ వాడినవాళ్లకు ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి తీసేయమని చెబుతున్నా.

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తా. మీరు ఏ సెంటర్‌కు వెళ్లినా డబ్బులిచ్చే ముందు "అన్నా, నా ఫైల్ తీసేశారా?" అని గట్టిగా అడగండి, మొహమాటపడొద్దు. మా షాపులో అడిగితే మీ ముందే తీసి చూపిస్తా.