లిథియం చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగాక: ఆసుపత్రి సిబ్బంది మీద నా సమీక్ష

బైపోలార్ డిజార్డర్‌కి, అంటే మనసు కొన్నాళ్లు విపరీతమైన హుషారులోకి, కొన్నాళ్లు దిగులులోకి పోయే జబ్బుకి, లిథియం వాడుతున్నాను. ఈ సమీక్ష మాత్ర గురించి కాదు, ఆ మాత్ర వల్ల పరిచయమైన డాక్టర్లు, సిస్టర్లు, ల్యాబ్ వాళ్ల గురించి. మాది నెల్లూరు జిల్లా, ఆత్మకూరు వైపు. ఆసుపత్రుల పేర్లు రాయను.

సైకియాట్రీ ఓపీతో నాకు పేచీ లేదు. జనం కిటకిటలాడుతుంటారు, డాక్టరు చూసేది రెండు నిమిషాలే. కానీ ఆ రెండు నిమిషాలూ నాతోనే మాట్లాడతారు. నిద్ర పడుతోందా, చేతులు వణుకుతున్నాయా అని అడుగుతారు. రక్తంలో లిథియం లెవెల్ చూసే పరీక్షకి, రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలనీ, పొద్దుటి మాత్ర ఆ తర్వాతే వేసుకోవాలనీ ఓపిగ్గా చెప్పింది అక్కడి సిస్టరే.

ఆ గది దాటితే కథ మారిపోతుంది. ఒకసారి మోకాలి నొప్పికి వెళ్లాను. ఫైలు మీద సైకియాట్రీ అని కనపడగానే డాక్టరు నన్ను వదిలేసి మా బావని అడిగాడు, "ఇంట్లో ఎట్టుంటాడు? కొడతాడా?" అని. మోకాలు నాది! "లిథియం వాడతన్నా సార్" అంటే, మళ్లీ బావ వైపే చూసి "మాత్రలు టయానికి ఏస్తన్నారా?" అన్నాడు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర రాసి పంపాడు. అది పడితే కిడ్నీల నుంచి లిథియం సరిగా బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది.

పైగా అది రోహిణీ కార్తె. చెమటకి ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గినా లెవెల్ పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు, నాలుగడుగులు వేస్తే తూలుడు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు నోటిదాకా రాకముందే చొక్కా మీద ఒలికిపోయేవి. క్యాజువాల్టీలో ఫైలు తిరగేసి "మైండ్ కేసు, తాగొచ్చాడేమో చూడండి" అన్నారు. బల్ల మీద పడుకోబెట్టి అటు పోయినవాళ్లు మళ్లీ రాలేదు. బావ గొంతు పెంచాక రక్తం తీశారు. లిథియం లెవెల్ 1.2 దాటకూడనిది 1.9 ఉంది. అప్పుడు చూడాలి సెలైన్ల కోసం పరుగులు! అదే షుగరు మనిషి తూలుతూ వస్తే ముందు వేలు గుచ్చి చూసేవాళ్లు కాదూ?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమల్లో ఉంది. మిగతా రోగులతో సమానంగా చూడాలనీ, జబ్బు వివరాలు బయటపెట్టకూడదనీ అందులో ఉంది. "పిచ్చి మాత్రల చీటీ ఎవురిదబ్బా?" అని మందుల కిటికీలోంచి కేకేసే ఆయనకి ఆ కబురు ఇంకా అందలేదు.

మా ఊరి ఏఎన్‌ఎం మొదట్లో గడప తొక్కేది కాదు, వాకిట్లోంచే అమ్మతో మాట్లాడి పోయేది. ఇప్పుడు బీపీ మిషను నా చేతికే కట్టి "అబ్బయ్యా, లెవెల్ చేయించినావా?" అంటుంది. ట్రైనింగు మహిమ అనుకోను. వాళ్లింటి బోరు మోటారు నేను బాగుచేసి ఇచ్చినప్పటి నుంచీ ఈ మార్పు.

మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి రాత్రిపూట ఫోన్ చేసి చూశాను. తెలుగులోనే, తొందరపెట్టకుండా మాట్లాడారు.

ఇప్పుడు జేబులో ఒక అట్టముక్క పెట్టుకుంటున్నాను: "లిథియం వాడుతున్నాను. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ వద్దు." మొన్న పన్ను పీకించుకోవడానికి పోతే పంటి డాక్టరమ్మ అది పూర్తిగా చదివి, పారాసెటమాల్ రాసి, ఎలా వాడాలో బావకి కాకుండా నాకు చెప్పింది.

సైకియాట్రీ ఓపీకి నాలుగు స్టార్లు. క్యాజువాల్టీకి ఒకటి, అదీ సెలైన్ పెట్టినందుకు. పంటి డాక్టరమ్మకి ఐదు.