వల్కన్ ఊరికి వెళ్ళొచ్చాం: స్పాక్ విగ్రహం, ఫెరెంగీల లాటినం, గోధుమల రైలు

కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో ఉన్న కాల్గరీకి వచ్చి ఆరేళ్ళయినా, దగ్గర్లోని వల్కన్ అనే చిన్న ఊరు చూడటం మొన్న జూలైలోనే కుదిరింది. 130 కిలోమీటర్ల దూరం, కారులో గంటన్నర కూడా పట్టదు. హై రివర్ దాటాక రోడ్డుకి రెండు పక్కలా కనోలా చేలే. మన దగ్గర ఆవచేలు పూసినట్టు పసుపుపచ్చగా కనుచూపు మేర ఉంటాయి. పులిహోర, దద్ధ్యోజనం డబ్బాల్లో పెట్టుకుని, మావారు, మా పదమూడేళ్ళ అబ్బాయి, నేను శనివారం పొద్దున్నే బయల్దేరాం.

ఊరికి ఆ పేరు స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష టీవీ సీరియల్ వల్ల రాలేదు. సీరియల్ మొదలైంది 1966లో. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే కెనడియన్ పసిఫిక్ రైల్వే సర్వేయరు ఒకాయన రోమన్ల అగ్నిదేవుడి పేరు ఊరికి పెట్టాడు. తర్వాత సీరియల్లో స్పాక్ అనే మొనదేలిన చెవుల పాత్ర పుట్టిన గ్రహం పేరు కూడా అదే కావడంతో ఊరివాళ్ళు ఆ అవకాశాన్ని చక్కగా అందిపుచ్చుకున్నారు. 1995లో ఊరి మొదట్లో 31 అడుగుల అంతరిక్ష నౌక నమూనా నిలబెట్టారు. కింద దిమ్మె మీద ఇంగ్లీషు, వల్కన్, క్లింగాన్ మూడు భాషల్లోనూ స్వాగతం చెక్కి ఉంది. చివరి రెండూ సీరియల్లోని గ్రహాంతర జాతుల భాషలు. స్పాక్ పాత్ర వేసిన లియొనార్డ్ నిమోయ్ 2010లో స్వయంగా ఇక్కడికి వచ్చారు. స్పాక్ కంచు విగ్రహం పక్కనే ఆయన చేతి ముద్ర కూడా ఉంది. మా వాడు తన అరచెయ్యి అందులో పెట్టి కొలుచుకున్నాడు. ఇంకా రెండు వేళ్ళంత పెరగాలి.

ట్రెక్ స్టేషన్ అనే టూరిస్టు కేంద్రం భవనాన్ని కూడా నౌకలాగే కట్టారు. టికెట్ ఏమీ అడగలేదు. సీరియల్ దుస్తులు వేసుకుని ఫోటోలు దిగొచ్చు. కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ పిల్లల ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. సర్వీసు విషయంలో ఈ ట్రిప్పు మొత్తానికి ఎక్కువ మార్కులు ఆవిడకే.

నాకు ఒక్కటే లోటుగా అనిపించింది. ఎటు చూసినా స్పాక్, క్లింగాన్లు. మేము వెతికినంత వరకు ఫెరెంగీల వస్తువు ఒక్కటీ దొరకలేదు. ఫెరెంగీలంటే స్టార్ ట్రెక్‌లోని వ్యాపారుల జాతి. మా ఇంట్లో అందరికీ ఇష్టమైన జాతి అదే. మా తాతయ్యకి తెనాలిలో కిరాణా కొట్టు ఉండేది. అందుకేనేమో, డబ్బు గురించి ఇంత శ్రద్ధగా ఊహించిన గ్రహాంతర సమాజం నాకు ఇంకోటి కనపడలేదు.

ఫెరెంగీ అనే పేరు కూడా మనకు కొత్తది కాదు. తూర్పు దేశాలవాళ్ళు యూరప్ వర్తకులను ఫరంగీలు అనేవారు. మన ‘పరంగి’, ‘ఫిరంగి’ కూడా ఆ మూలం నుంచి వచ్చినవే. 1987లో ఫెరెంగీలను మొదట చూపించినప్పుడు భయపెట్టే శత్రువులుగా తెచ్చారు. తర్వాత డీప్ స్పేస్ నైన్ అనే ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్లో ఒక బార్ యజమాని కుటుంబం ద్వారా వాళ్ళ లోకమంతా విప్పి చూపించారు. వాళ్ళకు వ్యాపార సూత్రాలే ధర్మశాస్త్రం, మొత్తం 285. సొంత తల్లి ఇంటికి వెళ్ళినా గుమ్మం దగ్గర పెట్టెలో ప్రవేశ రుసుము వెయ్యాలి. ఆడవాళ్ళు లాభం సంపాదించడం నేరం. ఆ బార్ యజమాని తల్లే రహస్యంగా వ్యాపారం చేసి కొడుకు కన్నా ఎక్కువ గడిస్తుంది, చివరికి ఆ చట్టమే మారుతుంది. మా అమ్మమ్మ కొట్టు లెక్కలన్నీ రాసేది గానీ బోర్డు మీద పేరు మాత్రం తాతయ్యదే. అందుకే ఆ కథ నాకు దగ్గరైంది.

వాళ్ళ డబ్బు లాటినం. అది ద్రవం. చేతిలో పట్టుకోవడానికి వీలుగా బంగారం అచ్చుల్లో పోస్తారు. వాళ్ళ దగ్గర బంగారానికి విలువే లేదు, అది ఉత్త పైతొడుగు. నూరు స్లిప్పులు ఒక స్ట్రిప్పు, ఇరవై స్ట్రిప్పులు ఒక బార్. మనుషులుండే ఫెడరేషన్ అనే గ్రహాల కూటమిలో ఏ వస్తువైనా యంత్రం నిమిషంలో తయారుచేసి పెడుతుంది, డబ్బుతో పని లేదు. లాటినాన్ని మాత్రం ఆ యంత్రం తయారుచెయ్యలేదు. కాబట్టే అది డబ్బుగా చెల్లుతుంది. డబ్బు అంటే ఏమిటో మా వాడికి నేను ఎంత చెప్పినా ఎక్కలేదు, ఈ ఒక్క ముక్కతో అర్థమైపోయింది.

స్పాక్‌కీ డబ్బుకీ నిజంగానే ఒక ముచ్చట ఉంది. కెనడా పాత అయిదు డాలర్ల కాగితం నోటు మీద విల్ఫ్రిడ్ లారియర్ అనే ప్రధాని బొమ్మ ఉండేది. నా సహోద్యోగి ఒకాయన పర్సులో ఆ నోటు ఒకటి దాచుకున్నారు. నల్ల పెన్నుతో కనుబొమలు పైకి లేపి, చెవులు మొనదేల్చి, నుదుటి మీదికి జుట్టు దించేసరికి అచ్చం స్పాక్. 2015 ఫిబ్రవరిలో నిమోయ్ పోయినప్పుడు దేశమంతా ఇలాంటి నోట్లు తిరిగాయి. కెనడా కేంద్ర బ్యాంకు అది నేరం కాదంటూనే, నోటు త్వరగా పాడవుతుంది, దుకాణాల్లో తీసుకోకపోవచ్చు, దయచేసి గీయకండి అని కోరింది. ఆ నోటు చెల్లుతుంది, కానీ మా సహోద్యోగి దాన్ని ఎన్నటికీ ఖర్చు పెట్టరు.

రాత్రి బసకి ఊళ్ళోనే ఒక మోటెల్ తీసుకున్నాం. గది చిన్నదైనా శుభ్రంగా ఉంది, దుప్పట్లు బాగున్నాయి. వేడినీళ్ళు మాత్రం రెండో మనిషి స్నానం అయ్యేసరికి చల్లబడిపోయాయి. చెబితే వెంటనే వచ్చి చూశారు గానీ బాగవలేదు. శాకాహారులకు ఒక మాట: మేము వెళ్ళిన రెస్టారెంట్లో ఫ్రెంచ్ ఫ్రైస్, సలాడ్ తప్ప తినడానికి ఏమీ లేవు. మా డబ్బాలే ఆదుకున్నాయి. వేసవిలో అభిమానుల ఉత్సవం జరిగే రోజుల్లో వెళ్ళేవాళ్ళు గది ముందే బుక్ చేసుకోండి, లేకపోతే కాల్గరీకి తిరిగి రావాల్సి ఉంటుంది.

ఇదే అల్బర్టాలో ఉత్తరాన సెయింట్ పాల్‌లో 1967లో కట్టిన ఎగిరే పళ్ళేలు (గ్రహాంతరవాసుల నౌకలు) దిగే వేదిక కూడా కిందటేడు చూశాం. 130 టన్నుల కాంక్రీటు. ఏ లోకం నుంచి వచ్చినా స్వాగతమేనని బోర్డు మీద రాశారు. ఆ మాట మంచిది. కానీ అరగంటలో చూసేయొచ్చు, దానికోసమే అంత దూరం వెళ్ళక్కర్లేదు. పిల్లలుంటే వల్కనే నయం.

ఆదివారం పొద్దున ఊరు చివర ధాన్యం ఎలివేటర్ వైపు నడిచాం. అంటే రైలు పట్టాల పక్కన ధాన్యం నిల్వచేసే ఎత్తైన గోదాము. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఒకే వరుసలో తొమ్మిది ఎలివేటర్లు ఉండేవట, ఊరు ప్రసిద్ధి చెందింది వాటితోనే. డీప్ స్పేస్ నైన్‌లో 1998 నాటి ఎపిసోడ్ ఒకటి మా ఇంట్లో ఎన్నోసార్లు చూశాం. అందులో నాగ్ అనే ఫెరెంగీ కుర్రాడు నౌకకి కావాల్సిన ఒక్క భాగం కోసం దీన్ని దానికి, దాన్ని ఇంకోదానికి మార్చుకుంటూ పోతాడు. చివరికి కెప్టెన్ బల్ల కూడా చేతులు మారుతుంది. అతని నమ్మకం ప్రకారం ఒక చోట ఎక్కువైనది ఇంకో చోట తక్కువై ఉంటుంది, ఆ రెంటినీ కలుపుతూ ఒక మహానది పారుతుంది, వర్తకుడు అందులో పడవ నడిపేవాడు. తెనాలి బియ్యం, గుంటూరు మిరపకాయలు, దూరం నుంచి వచ్చే పప్పులు, చింతపండు అన్నీ తాతయ్య కొట్లో కలుసుకునేవి. ఆయన తక్కెడ పళ్ళెం కాస్త ఒరిగేలా తూచి పొట్లం కట్టి ఇచ్చేవాడు. పెరిగాక ఆ ఎపిసోడ్ చూసినప్పుడు ఆ తూకం చప్పుడు చెవిలో వినిపించింది.

ఇదంతా మా వాడికి చెబుతుండగానే గూడ్సు రైలొకటి వచ్చింది. బూడిదరంగు ధాన్యం వ్యాగన్లు, ఒకదాని వెనక ఒకటి. ఈ గోధుమలు ఎవరికి తక్కువయ్యాయమ్మా అని అడిగాడు. సముద్రం అవతల ఎవరికో అన్నాను. కట్ట పక్కన గడ్డిలో నిలబడి వాడు వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తొంభై దాటాక లెక్క తప్పింది, రైలు ఇంకా వెళ్తూనే ఉంది.