మా రెండు బోట్లు డీలర్ దగ్గర కమిషన్ మీద అమ్మాను: నా అనుభవం

మేం ఉండేది అట్లాంటాకి ఉత్తరాన, కమింగ్‌లో. ఇంటి నుంచి పావుగంట పోతే లేక్ లేనియర్. చట్టహూచీ నదికి 1950ల్లో బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టడంతో ఏర్పడిన రిజర్వాయర్ అది. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు, 2016లో, ఒక పాత బోటు కొన్నాం. అది అమ్మి ఇంకొంచెం పెద్దది కొన్నాం. పెద్దవాడు కాలేజీకి వెళ్లాక దాన్నీ అమ్మేశాం. రెండూ కన్సైన్‌మెంట్ పద్ధతిలోనే అమ్మాను. అంటే బోటు మన పేరు మీదే ఉంటుంది, డీలర్ తన యార్డులో పెట్టి అమ్మిపెడతాడు, అమ్ముడయ్యాక తన కమిషన్ పట్టుకుని మిగతాది మనకిస్తాడు. మొదటిసారి నష్టపోయాను. రెండోసారి సంతోషంగా బయటపడ్డాను. డీలర్లు ఇద్దరూ వేరు, నిజమే. కానీ ఎక్కువ తేడా నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉందని నా నమ్మకం.

మొదటిది 18 అడుగుల బౌరైడర్ (ముందు భాగంలో కూడా కూర్చునే సీట్లుండే బోటు), 2009 మోడల్. 2018 ఆగస్టు చివర్లో డీలర్ దగ్గర పెట్టాను. ఆ నెల ఎంచుకోవడమే పెద్ద పొరపాటు. ఇక్కడ బోట్లు కొనేవాళ్లు ఫిబ్రవరి, మార్చి నుంచి కదులుతారు, జూలై 4 దాటాక తగ్గిపోతారు. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే అయిపోయిందంటే యార్డులో మనిషి కనపడడు. నేనేమో వేసవంతా వాడుకుని, ఇక అక్కర్లేదనుకున్నాక తీసుకెళ్లి ఇచ్చాను. 16,900 డాలర్లకు పెట్టారు. అగ్రిమెంటు రెండు పేజీలు. ఎదురుగా నిలబడి చదివినట్టు చేసి సంతకం పెట్టాను. కమిషన్ 10 శాతం అని గుర్తుపెట్టుకున్నాను. దాని కిందే ఉన్న "లేదా కనీసం 2,000 డాలర్లు, ఏది ఎక్కువైతే అది" అన్న ముక్క నా కంటికి ఆనలేదు.

నవంబరులో ఒక ఆదివారం చూసొద్దామని వెళ్లాను. కవరు ఒక మూల చిరిగి ఉంది. లోపల ఆకులు, వాననీళ్లు. బోటు ట్రైలర్ మీద ఉన్నప్పుడు అడుగున డ్రెయిన్ ప్లగ్ తీసి ఉంచాలి, నీళ్లు వాటంతట అవే పోతాయి. వీళ్లు ప్లగ్ బిగించి వదిలేశారు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. నా బోటును కడుపు కట్టుకుని కొనుక్కున్నాను, అట్లా చూసేసరికి నోట మాట రాలేదు.

అదే రోజు ఇంకో సంగతి కళ్లారా చూశాను. ఒక కుటుంబం వచ్చి, చిన్నది, పాతది కావాలని అడిగారు. సేల్స్ మనిషి వాళ్లను నా బోటు పక్కనుంచే నడిపించుకుంటూ కొత్త బోట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. అప్పుడు కోపం వచ్చింది కానీ, తర్వాత ఈ వ్యాపారం నడిచే తీరు తెలిసి అర్థమైంది. డీలర్లు కొత్త బోట్లను ఎక్కువగా అప్పు మీద తెచ్చుకుంటారు, దాన్ని ఫ్లోర్ ప్లాన్ అంటారు. గడువు దాటాక వడ్డీ పడుతుంది. ఆ బోటు యార్డులో ఉన్న ప్రతి రోజూ అతనికి ఖర్చే. నా బోటు ఏడాది ఉన్నా అతని జేబులోంచి రూపాయి పోదు. ముందు దేన్ని అమ్ముకుంటాడు మరి? అందుకే కన్సైన్‌మెంట్‌లో పెట్టిన బోటును మనమే గుర్తుచేస్తూ ఉండాలి. పెట్టి మర్చిపోతే వాళ్లూ మర్చిపోతారు.

చివరికి 2019 మార్చిలో 13,200కి పోయింది. అందులో కమిషన్ 2,000, కడిగి పాలిష్ పెట్టినందుకు 350, చలికి పాడవకుండా ఇంజన్ సిద్ధం చేసినందుకు (వింటరైజ్) 290, ట్రైలర్ టైర్లకూ బేరింగులకూ 410. చేతికి వచ్చింది 10,150. అదీ అమ్ముడైన 41 రోజులకి, నాలుగు ఫోన్లు చేశాక. "చెక్కు రేపు పంపిస్తాం" అన్న మాట అన్నిసార్లు వినడం నా వయసుకి కష్టమనిపించింది.

మా నాన్నగారు మిర్చి రైతు. గుంటూరు యార్డులో కమిషన్ కొట్టుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పంపేవారు. సాయంత్రం పట్టీ, అంటే అమ్మకం లెక్కల చీటీ, తెచ్చి అరుగు మీద కూర్చుని, కాటా, హమాలీ, కమిషన్, ఒక్కో గీత మీద వేలు పెట్టి చదివేవారు. "ధర అడగద్దురా, పట్టీలో అడుగున ఏముందో అడుగు" అనేవారు. అది చిన్నప్పటి నుంచీ విన్న నేను, అట్లాంటాలో రెండు పేజీలు చదవకుండా సంతకం పెట్టాను. ఈ మాట నాకు చాలాకాలం గుచ్చుకుంది.

రెండోది పాంటూన్ (అల్యూమినియం గొట్టాల మీద తేలే చదునైన బోటు), 22 అడుగులు, 2018 మోడల్, యమహా 115 హార్స్‌పవర్ ఇంజన్. 2019 వేసవిలో కొన్నాం, దాని మీద మేం గడిపిన ఆదివారాలకు లెక్కలేదు. పులిహోర డబ్బాలు, తాతయ్య నాయనమ్మలు ఇండియా నుంచి వచ్చినప్పుడు లైఫ్ జాకెట్లు వేసి తిప్పడం, అన్నీ దాని మీదే. 2020, 21లో కరోనా సమయంలో బోట్లకు విపరీతమైన గిరాకీ ఉండేది. అప్పుడే అమ్మమని స్నేహితులు చెప్పారు, మాకు మనసు రాలేదు. 2024కి ఆ వేడి తగ్గింది, యార్డుల్లో పాత బోట్లు నిండిపోయాయి.

ఈసారి జనవరిలోనే మొదలుపెట్టాను. ముగ్గురు డీలర్ల దగ్గరికి వెళ్లి ఒకటే అడిగాను: "30,000కి అమ్ముడైతే నా చేతికి ఎంత వస్తుందో, ఒక్కో ఖర్చూ రాసి చూపించండి." నాన్నగారి పట్టీ లాగా. ఒకరు రాయనన్నారు, లేచి వచ్చేశాను. ఇంకొకరు కన్సైన్‌మెంట్ ఎందుకు, మేమే 22,000కి కొనేస్తామన్నారు. మూడో ఆయన తెల్లకాగితం మీద రాసిచ్చారు. ఆయనకే ఇచ్చాను.

అగ్రిమెంటు ఇంటికి తెచ్చుకుని రెండు రాత్రులు చదివాం, నేనూ మా ఆవిడా. తనే పట్టుకున్న సంగతులు సగం. గడువు 90 రోజులు. ఆ తర్వాత ఏ రుసుమూ లేకుండా బోటు వెనక్కి తెచ్చుకోవచ్చు. నా రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా ధర తగ్గించకూడదు. నన్ను అడగకుండా 100 డాలర్లు దాటిన రిపేరు చేయకూడదు. కొనేవాళ్ల డబ్బు బ్యాంకులో పడ్డాక పది పనిదినాల్లో నాకు చెల్లించాలి. అమ్ముడయ్యేదాకా బోటు యజమాని నేనే అన్న వాక్యం స్పష్టంగా ఉండాలని పట్టుబట్టాం. డీలర్ దివాలా తీస్తే అతనికి అప్పిచ్చినవాళ్లు యార్డులో ఉన్నదంతా తమదేనని వచ్చే ప్రమాదం ఉంటుంది. ఈ ఒక్క విషయంలో లాయరుకి ఒక గంట ఫీజు ఇచ్చినా దండగ కాదు. నేను ఇచ్చాను.

ఇన్సూరెన్స్ గురించి మొదటిసారి నాకు ఆలోచనే రాలేదు. ఈసారి ఏజెంటుకి ఫోన్ చేసి, బోటు ఇక మా ఇంట్లో ఉండదు, డీలర్ యార్డులో ఉంటుంది, కొనేవాళ్లు నీళ్లలో నడిపి చూస్తారు అని చెప్పి, కవరేజీ ఉంటుందని ఈమెయిల్‌లో రాయించుకున్నాను. డీలర్ పాలసీ కాపీ కూడా అడిగాను. ట్రయల్‌కి వెళ్లినప్పుడు వాళ్ల మనిషే స్టీరింగ్ దగ్గర మొదలుపెట్టాలన్నది అగ్రిమెంటులో చేర్పించాం.

బోటు ఇచ్చేముందు పని నేనే చేసుకున్నాను. రెండు వారాంతాలు కడిగి, సీట్లకున్న బూజు తీసి, అల్యూమినియం పాంటూన్లు తళతళలాడించాను. సర్వీసుకి 480 అయింది: ఇంజన్ ఆయిలు, ఇంపెల్లర్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల పంపులోని రెక్కల చక్రం), లోయర్ యూనిట్‌లో, అంటే ఇంజన్ కింద నీళ్లలో ఉండే భాగంలో, గేర్ ఆయిలు. పాత గేర్ ఆయిలు పాలలాగా తెల్లగా వస్తే లోపలికి నీళ్లు వెళ్తున్నట్టు. మాది శుభ్రంగా వచ్చింది, ఆ ఫోటో దాచాను. యమహా మెకానిక్ కంప్యూటరు పెట్టి ఇంజన్ రిపోర్టు ఇచ్చారు. మొత్తం 340 గంటలు, ఏ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) ఎన్ని గంటలు నడిచిందో కూడా అందులో ఉంటుంది. ఎక్కువ భాగం మెల్లగా తిరిగిన గంటలే. కొన్నవాళ్లు నా మాట కన్నా ఆ కాగితాన్నే నమ్మారు. సముద్రం చూడని మంచినీటి బోటు అన్నది కూడా ఇక్కడ విలువ పెంచే మాట, దాన్ని ప్రకటనలో మొదటి వరుసలో రాయించాను.

ఫిబ్రవరి రెండో వారంలో 32,500కి పెట్టారు. ప్రతి శనివారం ఉదయం వెళ్లేవాణ్ని. కవరు సరిచూసి, బ్యాటరీ ఛార్జర్ పెట్టి, సేల్స్ అమ్మాయిని పలకరించి, ఎవరైనా చూశారా, ఏమన్నారు అని అడిగి వచ్చేవాణ్ని. ఆమె విసుక్కోలేదు. ఓపిగ్గా, నిజం చెప్పేది. మార్చి నెలాఖరుకి "అంకుల్‌కి చెప్పినట్టు చెప్తున్నాను, ఈ ధరకి ఫోన్లు రావట్లేదు" అన్న అర్థం వచ్చేట్టు ఇంగ్లిష్‌లో మృదువుగా చెప్పింది. రాసిచ్చి 30,900కి తగ్గించాం. ఏప్రిల్‌లో గెయిన్స్‌విల్ నుంచి ఒక జంట వచ్చారు. బోటు పరిస్థితి పరీక్షించే సర్వేయరును పెట్టుకున్నారు, నీళ్లలో నడిపారు. పూర్తి థ్రాటిల్‌లో, అంటే పూర్తి వేగంలో, ఇంజన్ కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం పరిధి అందుకుంది. 30,000కి తెగింది. కమిషన్ 3,000, సర్వీసు 480 పోగా 26,520 మిగిలింది. రాసిచ్చిన కాగితంతో పైసా తేడా లేదు. డీలర్ కొంటానన్న ధర కన్నా 4,520 ఎక్కువ, రెండు నెలల ఓపికకి.

మనమే అమ్ముకోవచ్చు కదా అంటారు. అమ్ముకోవచ్చు. మా స్నేహితుడు అలాగే ప్రకటన పెడితే సరదాగా తిరిగి పోదామని వచ్చినవాళ్లే ఎక్కువ, నకిలీ క్యాషియర్ చెక్కు (బ్యాంకే ఇచ్చే చెక్కు) ఒకటి దాదాపు అంటగట్టబోయారు. మా జార్జియా రాష్ట్రంలో బోటుకి కారులాగా టైటిల్ (యాజమాన్య) కాగితం ఉండదు, రాష్ట్ర సహజ వనరుల శాఖ (డీఎన్ఆర్) రిజిస్ట్రేషను, బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం రసీదు) మాత్రమే. బోటు మీద అప్పు ఉందేమోనని కొనేవాళ్లకు సహజంగా భయం. డీలర్ మధ్యలో ఉంటే ఆ భయం తగ్గుతుంది, లోను కూడా అక్కడే దొరుకుతుంది. కాకపోతే పదివేల లోపు బోటుకి కనీస కమిషన్ చాలా తినేస్తుంది, దానికి ఈ దారి వద్దు. మీ బోటు ఇరవై వేలు దాటి, శనివారాలు వెళ్లి చూసుకునే తీరిక ఉంటే, చలికాలం పోయే ముందు ఇవ్వండి.

అమ్మకం రోజు బోటు వెనక చెక్కి ఉండే గుర్తింపు సంఖ్య, హల్ నంబరు, పన్నెండు అక్షరాలూ బిల్లులో ఉన్నదానితో ఒక్కొక్కటిగా సరిపోల్చుకుని సంతకం పెట్టాను. చెక్కు ఎనిమిదో పనిదినాన వచ్చింది. అది ఖాతాలో పూర్తిగా జమ అయ్యాకే ఇన్సూరెన్స్ ఆపించాను.